మేకుకు వేలాడిన వెండి జోళ్ళు

"ముట్టుకోకు!"

మేకప్ గదిలో ఉన్న నలుగురమ్మాయిలూ ఒక్కసారే అరిచారు.

కొత్తగా పనిలో చేరిన ఆర్ఫా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాపం, గోడ మేకుకు వేలాడుతున్న వెండిరంగు హీల్సు మీది దుమ్ము దులపబోయింది, అంతే.

అమెరికాలో టొలీడో ఊరి చివర హెరాన్ క్లబ్బు. అందులో బట్టలు విప్పుతూ ఆడే అమ్మాయిలకు మేకప్ గదిలో ఒక పెద్దావిడ తోడుంటుంది. తెగిన పట్టీ కుడుతుంది, తలనొప్పికి మాత్ర ఇస్తుంది, ఆకలంటే సూపు వేడిచేసి పెడుతుంది. ఆవిణ్ణి అందరూ 'మామ్' అనే పిలుస్తారు. ఆర్ఫా వచ్చింది ఆ పనికే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు కూడానూ.

"ఎవరివమ్మా అవి?"

"స్టార్లా అనే డాన్సరువి. ముప్పయ్యేళ్ళ కిందటి మాట," అంది జూనిపర్. "షిఫ్టు అయ్యాక వెనక పార్కింగులో, మంచులో ఈ జోళ్ళు దొరికాయి. మనిషి మాత్రం దొరకలేదు. స్టేజీ ఎక్కేముందు వీటిని తాకి వెళ్తాం. ఇక్కడ ఆడినవాళ్ళు తప్ప ఇంకెవరూ తాకకూడదు."

"చచ్చిపోయిందంటావా?"

"మరి? మొగుణ్ణి వదిలేస్తాం, ఇల్లు వదిలేస్తాం. కాలికి అలవాటైన హీల్సు వదిలేసి పోయే డాన్సరు ఎక్కడైనా ఉంటుందా మామ్?"

"వీటితో పరిగెత్తడం కుదరదు కదమ్మా," అని గొణిగి ఆర్ఫా సూది అందుకుంది.

హీల్సు మాట అనేసి జూనిపర్ మూలనున్న పెట్టె వంక చూసింది. ఆమెతో కలిసి ఒకే ఇంట్లో ఉండే క్రికెట్ అనే డాన్సరు కనబడక తొమ్మిది రోజులు. క్రికెట్ ఎర్ర హీల్సు ఇంకా ఆ మూల పెట్టెలోనే ఉన్నాయి.

పోలీసులు ఒక్క ముక్కలో తేల్చేశారు. "డాన్సరేగా! ఇంకో ఊరు పోయి ఇంకో పేరు పెట్టుకుని ఉంటుంది."

పనిలో చేరిన మూడో రోజున ఆర్ఫా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ్టి నుంచి మీ కార్ల దాకా నేనొస్తాను. వెండెల్‌తో వెళ్ళకండి."

గది గొల్లున నవ్వింది.

ఆ క్లబ్బులో షిఫ్టు దిగిన పిల్ల ఒంటరిగా కారు దగ్గరికి వెళ్ళకూడదు. క్లబ్బు కాపలాదారు వెండెల్ వెంట వెళ్తాడు. ముప్పయ్యైదేళ్ళుగా అదే పద్ధతి. అందరి పుట్టినరోజులూ అతనికి గుర్తే. కారు అద్దాల మీది మంచు కూడా తనే గీకి పెడతాడు.

"మెట్లు దిగడానికే మూలుగుతావు, నువ్వు మాకు కాపలానా?"

"కాదే, మామ్ మన వెండెల్ బాబాయ్ మీద కన్నేసింది!"

జూనిపర్ ఒక్కతే నవ్వలేదు. "ఎందుకు వెళ్ళకూడదో చెప్పు."

ఆర్ఫా పెదవులు కదిలాయి. "చెబితే నమ్మరు తల్లీ."

ఆ హెచ్చరికని ఎవరూ లెక్కచెయ్యలేదు. సంగతి మేనేజరు చెవిన పడింది. మధ్యాహ్నానికల్లా ఆర్ఫాని పొమ్మన్నాడు.

మూడింటికి, పగటి షిఫ్టులో చివరిసారి స్టేజీ ఎక్కబోతూ జూనిపర్ అలవాటు ప్రకారం చెయ్యి చాపింది. మేకు ఖాళీగా ఉంది.

"దొంగముండ! పోతూ పోతూ ఎత్తుకుపోయింది!"

షిఫ్టు దిగి నాలుగింటికి బయటికొస్తే మంచు పడుతోంది. జూనిపర్ కారు టైరు అణిగిపోయి నేలకంటుకుని ఉంది.

"అయ్యయ్యో, గాలి పోయిందే పాపా! నా ట్రక్కెక్కు, ఇంటిదగ్గర దింపుతా," అన్నాడు వెండెల్.

ఎక్కింది. సీటు కింద కాలికి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూస్తే ఆకుపచ్చ ఉన్ని టోపీ. క్రికెట్‌కి తను స్వయంగా అల్లి ఇచ్చిందే.

తలుపు లాగింది. లోపలి నుంచి రాలేదు.

ట్రక్కు కదలబోతుండగా, పార్కింగు మూలన కాచుకుని ఉన్న ఒక డొక్కు కారు సర్రున వచ్చి అడ్డంగా ఆగింది. హారన్ మోగింది. మోగుతూనే ఉంది. క్లబ్బులో కోడిరెక్కలు తింటున్న ఫ్యాక్టరీ మనుషులు ఎంగిలి చేతులతోనే బయటికొచ్చారు.

ఆర్ఫా కారు దిగి, ఒక వెండి జోడు తీసి ట్రక్కు ముందు భాగం మీద పెట్టింది. మెల్లగా, చప్పుడు కాకుండా.

వెండెల్ జోడు వంక చూశాడు. ఆవిడ మొహం వంక చూశాడు. చేతులు స్టీరింగు మీంచి జారిపోయాయి.

"పిల్లని దించు," అందావిడ.

టోపీ చూసి కదిలిన పోలీసులు ఆ సాయంత్రమే సరస్సు ఒడ్డున వెండెల్ చేపలు పట్టుకునే గుడిసె తాళం పగలగొట్టారు. క్రికెట్ బతికే ఉంది. దుప్పటి చుట్టుకుని బయటికొచ్చి జూనిపర్‌ని అడిగిన మొదటి మాట: "నా హీల్సు ఎవత్తైనా వేసుకుందా?"

ఆర్ఫా మాత్రం పోలీసులతో మాట్లాడి ఎటో వెళ్ళిపోయింది. ఫోన్ నంబరు కూడా ఎవరూ అడిగి ఉంచుకోలేదు.

"స్టార్లాకి అక్కో, పిన్నో అయ్యుంటుంది," అన్నారు అమ్మాయిలు. "ఆ మనిషిని దొంగ అన్నామే!"

జూన్ నెలలో కేసు విచారణకొచ్చింది.

"ఈ క్రికెట్ ఇష్టపడే వెళ్ళింది," అన్నాడు వెండెల్ లాయరు. "ముప్పయ్యైదేళ్ళలో ఇంకొక్క ఆడది నా క్లయింటు మీద వేలెత్తిందా?"

కోర్టు తలుపు తెరుచుకుంది.

టక్. టక్. టక్.

ఆర్ఫా. ఎనిమిది అంగుళాల వెండి జోళ్ళ మీద, దేన్నీ పట్టుకోకుండా నడిచొస్తోంది. మోకాళ్ళ నొప్పులున్నా అడుగు ఒక్కటీ తప్పడం లేదు.

వెండెల్ తల బల్ల మీదికి వాలిపోయింది. వెనక వరసలో అమ్మాయిలంతా లేచి నిలబడ్డారు.

"పేరు చెప్పండి," అన్నాడు గుమాస్తా.

"కాగితాల మీద ఆర్ఫా డన్," అంటూ ఆవిడ ఒక కాలు ముందుకు పెట్టి నిటారుగా నిలబడింది, "ఈ జోళ్ళకి మాత్రం నేను స్టార్లాని."