విజయశ్రీ భయాలు

“అమ్మో, నా వల్ల కాదు! ఏమండీ, చెయ్యి పట్టుకోండి!”

ఆర్వీ బండి మెట్టు దిగుతూనే విజయశ్రీ మొదలుపెట్టింది. ఆ మెట్టు జానెడు ఎత్తు కూడా ఉండదు. దామోదర్ భార్య చెయ్యి పట్టుకుని, “ఎందుకే అంత కంగారు? నేనున్నాగా!” అంటూ ఆమెతో పాటే దిగాడు.

దమయంతి తన భర్త రఘువీర్ వైపు చూసి కళ్ళెగరేసింది. అతను నవ్వాపుకున్నాడు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ముప్పై ఏళ్ళుగా పక్కపక్క వీధుల్లో ఉంటున్న జంటలివి. మగవాళ్ళిద్దరూ ఒకే కార్ల కంపెనీలో రిటైరయ్యారు. లాస్ వేగస్‌లో పడకలూ వంటగట్టూ ఉన్న ఈ ఆర్వీని అద్దెకు తీసుకుని, రైస్ కుక్కరూ ఆవకాయ సీసాతో సహా యూటా ఎడారిలో పడి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల్లో విజయశ్రీ భయపడనిదంటూ లేదు.

మొదటిరోజే పేచీ పెట్టింది. “ఆయన డ్రైవ్ చేస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. రఘువీర్ అన్నయ్యగారే నడపాలి” అంది. పెళ్ళైన నాటి నుంచీ ఆయన పక్క సీట్లో హాయిగా గుర్రుపెట్టిన మనిషి! ఎక్కడ దిగినా మొగుడు వెంట ఉండాల్సిందే. ఇక నోటికి విరామమా? లేదు. రాయి కనిపిస్తే రాయి అంటుంది, గుంట కనిపిస్తే గుంట అంటుంది. పైగా ఒంటిమీద జిగేల్మనే నారింజ రంగు జాకెట్ ఒకటి.

“దారి తప్పితే హెలికాప్టర్ వాళ్ళకి కనపడాలిగా!” అని దానికో కారణం.

ఇవాళ్టి నడక మాత్రం దామోదర్ ముచ్చట. ఏనాడో ఆఫీసు క్యాలెండర్‌లో చూశాడీ కాన్యన్‌ని. రెండు కొండగోడల మధ్య ఇరుకు దారి, దాని చివర పైసందులోంచి మిట్టమధ్యాహ్నం ఓ పావుగంట నిలువునా దిగే ఎండ. గ్రీన్ కార్డ్ రానీ అన్నాడు, పిల్లల కాలేజీలు కానీ అన్నాడు. ఈ ఏడు మాత్రం, “ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పటికీ చూడను” అని పట్టుబట్టి అందరినీ లాక్కొచ్చాడు. పన్నెండున్నరకల్లా చివరికి చేరాలి. రేపు పొద్దున్నే ఆర్వీ అప్పగించాలి కాబట్టి ఇంకో రోజు లేదు.

“విజయా, నువ్వు ఆర్వీలోనే పడుకోరాదూ? అన్నయ్యగారు స్థిమితంగా చూసొస్తారు” అంది దమయంతి.

“ఒక్కదాన్నేనా? బాబోయ్! నేనూ వస్తా.”

కాన్యన్ లోపలికి పోయేకొద్దీ గోడలు దగ్గరపడ్డాయి, వెలుతురు తగ్గింది. విజయశ్రీ ముందు, ఆమె భుజం మీద చెయ్యేసి దామోదర్ వెనక, ఆ వెనక మిగతా ఇద్దరూ.

“ఏమండీ, చెయ్యి తియ్యకండి. తీస్తే ఇక్కడే కూలబడతా.”

“తియ్యనులేవే.”

“అమ్మో, రాయి! మోకాలంత ఉంది. ఎక్కుతున్నా... ఎక్కేశా. ఇక్కడ వంగాలండోయ్, ఎడంపక్క తలకి కొట్టుకునేలా ఉంది!”

“చెల్లెమ్మా, ఆ క్రికెట్ కామెంటరీ ఆపి నడువమ్మా!” అన్నాడు రఘువీర్.

“పోనీలేరా. మాట్లాడుతుంటే దానికి ధైర్యం” అన్నాడు దామోదర్.

పన్నెండూ పదికి ఇనుప నిచ్చెన ఎదురైంది. విజయశ్రీ దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె ముఖం నిజంగానే పాలిపోయింది. కదల్లేదు.

దమయంతికి ఓపిక నశించింది. “టైమైపోతోంది విజయా! పోనీ మీరిద్దరూ వెనక్కి వెళ్ళిపోండి. మేం చూసొస్తాం.”

“వెళ్ళండిరా. తను భయపడుతుంటే నేనెలా వస్తాను?” అన్నాడు దామోదర్. మామూలుగా అనబోయాడు కానీ, గొంతు వణికింది.

ఆ గొంతు వినగానే విజయశ్రీ నిచ్చెన పట్టుకుంది. “ఎక్కుతా! అన్నయ్యగారూ, మీరు ఆయన వెనకే రండి. నేను జారితే ఇద్దరూ పట్టుకోవాలి. ఏమండీ, లెక్కపెడతా, నాతో పాటే ఎక్కండి. ఒకటి... రెండు...”

ఎనిమిది మెట్లు. ఎనిమిదోది లెక్కపెట్టి ఆమె ఊపిరి పీల్చుకుంది.

చివరికి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. నలుగురూ నిలబడిపోయారు.

“ఏమండీ, ఎంత బాగుందో!” అంది విజయశ్రీ మెల్లగా. “పైనుంచి కిందిదాకా ఒకటే వెలుగు. అందులో సన్నగా ఇసుక రాలుతోంది. గోడలు పైన ఎర్రగా, కిందికొచ్చేసరికి బెల్లప్పాకం రంగులో ఉన్నాయి...”

దామోదర్ ఒక అడుగు ముందుకేసి అరచేతులు చాచి ఎండలో పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

“వచ్చేశామే విజయా” అన్నాడు.

ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ క్షణం ఆమెకి ఎంత సంతోషం వేసిందంటే, ఏడుపొచ్చింది.

తిరుగుదారి అంతా మళ్ళీ అదే భయం, అదే కామెంటరీ. మూడింటికి ఆర్వీ చేరారు. దామోదర్ లోపల పడుకున్నాడు. రఘువీర్ నీళ్ళు నింపడానికి వెళ్ళాడు. ఆడవాళ్ళిద్దరూ బయట మడతకుర్చీల్లో టీ తాగుతున్నారు.

“ఒక మాటంటాను, ఏమీ అనుకోకు” అంది దమయంతి. “రోలర్ కోస్టర్‌లో ముందు సీటు కోసం పిల్లలతో పోట్లాడినదానివి. ఉన్నట్టుండి ఈ పిరికితనం ఏమిటే? పాపం, నాలుగు రోజులూ నిన్ను కాసుకోవడంతోనే సరిపోయింది అన్నయ్యగారికి.”

“నాకేం భయం లేదు దమయంతీ.”

“మరెందుకీ వేషాలు?”

విజయశ్రీ ఆర్వీ కిటికీ వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

“తనకి చూపు పోతోందని ఆయన నాకింకా చెప్పలేదు.”