అంకె ఒక్కటి చాలు

"అన్నా, ఇదేంటో కాస్త చూసి చెప్తావా?"

పాత నాణేల దుకాణం యజమాని తలెత్తాడు.

బల్లకు అవతల ఓ యువకుడు నిలబడి ఉన్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, అతని బట్టలు మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయాయి. పైకప్పు బోలెడంత ఎత్తున ఉన్నా, ఎక్కడ తగులుతుందో అన్నట్టు తల వంచుకునే ఉన్నాడు.

"ఏం తమ్ముడూ, వానలో తడిసొచ్చావా?" అన్నాడు యజమాని వేళాకోళంగా.

"పైన వాన పడుతోందా?" అని ఎదురు అడిగాడతను.

పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది అనుకున్నాడు యజమాని.

యువకుడు గుప్పిట విప్పాడు. అరచేతిలో గుండ్రటి ఇత్తడి ముక్క. రెండు వైపులా నున్నగా అరిగిపోయింది.

యజమానికి హుషారొచ్చింది. ఆ వీధిలో ఆయన్ని కాసుల డాక్టరంటారు. నాడి చూసినట్టు వేలితో తడిమి, ఏ రాజు కాలందో చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

అందుకుంటుంటే వేళ్లు తగిలాయి. ప్రాణమున్న మనిషి చెయ్యి అంత చల్లగా ఉండదు. ఆయన కాసు అందుకుని చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

భూతద్దం పెట్టి చూశాడు. దీపం కింద అటూ ఇటూ వంచాడు. తూచాడు. రాజూ లేడు, రాణీ లేదు. అంచు దగ్గర మాత్రం మట్టితో పూడుకుపోయిన చిన్న కన్నం ఉంది.

"ఎవరో మెళ్లో కట్టుకున్న కాసులా ఉంది. చెల్లని కాసుకు గీతలెక్కువంటారు. దీనికి ఆ గీతలు కూడా లేవు తమ్ముడూ."

"బొమ్మ అక్కర్లేదన్నా. అంకె ఉండాలి. అంకె ఒక్కటి కనిపిస్తే చాలు."

"ఏం అంకె?"

"అదే గుర్తు రావట్లేదు. చీకట్లో తడుముకుని తడుముకుని నేనే అరగదీశాను."

"అంకెతో నీకేం పని?"

"అది చెప్తేగాని పైకి రానివ్వరన్నా."

ఏదో ఆఫీసు గొడవ అనుకున్నాడు యజమాని. పై అంతస్తు, పై అధికారి, గుమ్మంలో అడ్డుపడే బంట్రోతు. ఎక్కడైనా ఉండే భాగోతమే.

పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే, ఎంత అరిగిన గీతైనా పైకి తేలుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. రాజు లేని కాసుకు అంత శ్రమెందుకులే అనిపించింది. పైగా మేడ మీద మామగారు తనకోసం భోజనం చేయకుండా కూర్చుని ఉంటారు.

"రేపు రా. తీరిగ్గా చూద్దాం."

యువకుడి ముఖం వాడిపోయింది. "రేపు కుదరదేమోనన్నా. ఇవాళే ఎలాగో సందు దొరికింది. ఒక్క నిమిషం పనే కదా."

"కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయయ్యా. రేపు రమ్మన్నానుగా."

అతను మళ్లీ బతిమాలలేదు. "పోనీ, నీ దగ్గరే ఉంచు" అని, గుమ్మంలో మరింత వంగి బయటికి నడిచాడు.

అతను నిలబడ్డ చోట నల్లటి నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. అవి చూడగానే యజమాని బల్ల వెనక నుంచి లేచాడు. గబగబా గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వీధిలో ఒక్క మనిషీ లేడు.

ఇక ఆకలి గుర్తు రాలేదు. కూర్చుని, కాగితం పరిచి, పెన్సిలుతో రుద్దాడు. ముప్పై ఎనిమిది. నిజంగానే నిమిషం పట్టలేదు.

"అన్నం చల్లారిపోతోంది, రావేం బాబూ?" అంటూ మామగారు కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. బల్ల మీదున్నది చేతిలోకి తీసుకున్నారు. కన్నం మీద బొటనవేలు ఆన్చారు.

కర్ర జారి కిందపడింది.

"ఇది కాసు కాదు బాబూ. గనిలోకి దిగేవాళ్ల బిళ్ల. మెళ్లో వేసుకుని దిగాలి. పైకొచ్చాక అంకె చెప్పి అప్పగించాలి. అప్పగించలేదంటే, మనిషి ఇంకా లోపలున్నట్టే లెక్క."

"మీరు పనిచేసిన గనిదా? దాన్ని మా పెళ్లికి చాలా ముందే మూసేశారు కదా మామయ్యా?"

"నీళ్లు విరుచుకుపడ్డ రోజునే మూసేశారు. లోపలివాళ్లతో సహా."

అల్లుడు కాగితం చూపించబోయాడు. "అంకె..."

"ముప్పై ఎనిమిది" అన్నారాయన కాగితం వైపు చూడకుండానే. "నాది ముప్పై ఏడు. ఈ కన్నం వాడికి నేనే పొడిచిచ్చాను. ఏడీ, తెచ్చినవాడేడీ?"

"వెళ్లిపోయాడు. అంకె చూసి చెప్పమని బతిమాలాడు." అల్లుడు కాగితం కింద పెట్టాడు. "నేను... రేపు రమ్మన్నాను."

ముసలాయన కర్ర లేకుండానే వీధిలోకి పరుగెత్తారు.

"ముప్పై ఎనిమిదీ! ఒరేయ్, ముప్పై ఎనిమిదిరా నీది!"

అల్లుడూ వెనకే వెళ్లి అరిచాడు. నడివీధిలో నిలబడి, సిగ్గు విడిచి, ఏడుస్తూ అరిచాడు. ఎవరూ పలకలేదు.

మేడ కిటికీ తెరుచుకుంది.

"ఎవర్ని నాన్నా, అంతలా పిలుస్తున్నారు?" అంది కూతురు.

ముసలాయన తలెత్తి ఆమెను చూశారు.

"ఆ రోజు గని లిఫ్టులో ఒక్కరికే చోటుంటే, 'ఇంట్లో నీకు పసిపిల్లుంది, నువ్వెక్కన్నా, నేను తర్వాత దాంట్లో వస్తా' అని నన్ను లోపలికి నెట్టినవాణ్ని తల్లీ."