పోయిన వస్తువు

“ఫోన్ నాకొద్దు మేడం. అది ఎవురికాడ దొరికిందో చెప్పండి, చాలు.”

ఓబుళేశు అట్లా అనేసరికి టేబుల్ అవతల కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ కృపమణి చేతిలోని కవరు చేతిలోనే ఉండిపోయింది. పోయిన ఫోన్లను వెతికి తిరిగిచ్చే కార్యక్రమం అది. పొద్దుటినుంచి వందకు పైగా ఫోన్లు అప్పజెప్పింది ఆమె. కొందరు దండం పెట్టారు, ఒకావిడైతే ఫోన్‌ను ముద్దు పెట్టుకుంది. వద్దన్నవాడు మాత్రం ఈయనొక్కడే.

“ఏమప్పా, ఫోన్ పోయిందని కంప్లయింటు ఇచ్చింది నువ్వే కదా? పత్తికొండ నుంచి కర్నూలు దాకా వచ్చి ఇప్పుడు వద్దంటావేంది? ఈడ సంతకం పెట్టు. అట్ల పోయి పెద్ద సారుతో ఫోటో దిగు.”

“పెడతా మేడం. ముందు ఆ దొంగ ఎవురో చెప్పండి.”

“దొంగా లేదు గింగా లేదు. కడపలో సెల్లు రిపేరు చేసే ఆయన తెచ్చి ఆడ స్టేషన్లో ఇచ్చినాడు. ఎవరో షాపులో పెట్టేసి పోయినారంట.”

ఓబుళేశు ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. “ఎవురు పెట్టేసినారు మేడం? మగోడా, ఆడపిల్లా? ఇద్దురూ కలిసి వచ్చినారా?”

పదహారేళ్ల నుంచి ఈ ఉద్యోగంలో ఉన్న మనిషి కృపమణి. పెన్ను పక్కన పెట్టింది.

“నిజం చెప్పప్పా. నీకు పోయింది ఏంది?”

చెప్పక ఏం చేస్తాడు? ఇరవై రెండు రోజులుగా కడుపులో దాచుకొని తిరుగుతున్న మాట అది. “నా కూతురు మేడం. మధులత. ఎవురితోనో ఫోన్లో నవ్వుతా మాట్లాడతాంటే చెయ్యి చేసుకుంటి. తెల్లారి చూస్తే పిల్లా లేదు, ఫోనూ లేదు. చేస్తే స్విచ్ఛాఫ్.”

“అట్లయితే పిల్ల పోయిందని కదా కంప్లయింటు ఇయ్యాల్సింది?”

“ఇస్తే ఫోటో పేపర్లో ఏస్తారు, వాట్సాప్‌లో తిప్పుతారు. ఊర్లో తలకాయెత్తి తిరగాలనా, వద్దా? కోడుమూర్లో మా చెల్లెలింటికి పోయిందని అందరికీ చెప్పుకుంటి. ఫోన్ పోయిందని రాసిస్తే మీరే వెతుకుతారు, అది దొరికితే పిల్లా దొరుకుతాదనుకుంటి.”

ఆ తెలివికి తనను తానే మెచ్చుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ఫిర్యాదు రాసిచ్చి వచ్చిన రోజు కడుపునిండా అన్నం తిన్నాడు. పరువు పోకుండా పిల్లను ఇంటికి తెచ్చుకునే దారి దొరికిందనుకున్నాడు, పాపం.

కృపమణికి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రెంటినీ మింగి, కవరు మీదున్న నెంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. షాపాయన పేరు తౌసిఫ్.

“ఆ నల్ల ఫోనా మేడం? గుర్తుండాది. పది దినాల కింద ఒక పాప తెచ్చె. ఫోన్ కలవడం లేదు, చూడన్నా అనె.”

“ఒక్కతేనా?” ఓబుళేశు టేబుల్ మీదికి వంగాడు.

“ఒక్కతే. ఈడ బట్టలంగట్లో పనికి కుదిరినా, హాస్టల్లో ఉండా అనె. నాయన కొట్టినాడని కోపంతో వచ్చేస్తి, ఇంక ఉండలేనన్నా, ఫోన్ చేసి వచ్చి తీసుకపొమ్మనాల అనె.”

ఎవడితోనూ పోలేదు. ఇరవై రెండు రోజులుగా లేని మనిషినొకణ్ణి ఊహించుకొని, వాణ్ణి మనసులో నరుకుతూ వచ్చాడు ఓబుళేశు. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి కళ్లు తుడుచుకున్నాడు. “యాడుండాది నాయనా ఆ హాస్టలు? ఇప్పుడే బస్సెక్కుతా.”

“నేను పోయి అడిగొస్తి పెద్దాయనా. ఆ సాయంత్రమే ఖాళీ చేసి పోయిందంట. యాటికి పోయిందో ఎవురికీ తెలీదు.”

“వచ్చి తీసుకపొమ్మంటానన్న పిల్ల ఎందుకు పోతాది?” అంది కృపమణి.



“నేనే నోరు జారితి మేడం. ఫోన్‌ లోపలుండే ఐఎంఈఐ నెంబరు కొట్టి చూస్తే పోలీసులు ఆపించినట్ల వచ్చె. ఇది పోయిందని ఎవురో కంప్లయింటు ఇచ్చినారు పాపా అంటి. ఆ పాప మొగమంతా నవ్వు చేసుకోని, మా నాయనే అన్నా, నా కోసం వెతుకుతాండాడు అనె. సరే, నా ఫోన్‌తో మాట్లాడుకో అని ఇస్తి. నెంబరు కొడతా కొడతా ఆగి, కంప్లయింటులో నా పేరు ఎట్ల రాసినారో కనుక్కో అన్నా అనె. మా బావమరిది స్టేషన్లో పని చేస్తాడు, అడిగితి. మనిషి సంగతి ఏం లేదంట పాపా, ఫోన్ ఒక్కటే పోయిందని ఉండాదంట అని చెప్తి.”

“దానికి ఏమనె నా బిడ్డ?” అని అడిగాడు ఓబుళేశు.

“నా ఫోన్ నాకిచ్చేసి, ఆ నల్ల ఫోన్‌ను కౌంటరు మీద పెట్టె. ‘మా నాయన వెతుకుతాండేది దీన్నేనంట అన్నా, ఆయనకు చేర్పించు’ అని పాయ.”