తెల్ల సైకిల్‌కి ఇత్తడి బిళ్ళ

డాక్టర్ రామమోహన్ కారు ఆపీ ఆపకముందే దిగి పరుగెత్తాడు.

రోడ్డు మలుపులో, స్తంభానికి గొలుసుతో కట్టేసిన తెల్ల సైకిల్ మీదకి ఎవరో ముసలాయన వంగి ఏదో చేస్తున్నాడు.

అది ఆద్య సైకిల్. రామమోహన్ ఒక్కగానొక్క కూతురు. మూడు నెలల కిందట, తెల్లారగట్ల సైకిల్ తొక్కుతుంటే, ఈ మలుపులోనే ఏదో కారు గుద్దేసి ఆగకుండా పోయింది.

అలా రోడ్డు మీద ప్రాణం పోయినవాళ్ళ గుర్తుగా సైకిల్‌కి తెల్లరంగు వేసి ఆ చోటే నిలబెట్టడం ఇక్కడ అమెరికాలో అలవాటు. ఆద్య స్నేహితులు ఆ పని చేశారు. బెంటన్‌విల్‌లో ఆ దారిన పోయేవాళ్ళు పూలు కూడా పెడుతుంటారు.

రామమోహన్ ఒక్క పువ్వూ పెట్టలేదు. రోజూ హాస్పిటల్‌కి వెళ్తూ ఆగుతాడు, చూస్తాడు, పోతాడు. ఎంతమంది ఆఖరి ఘడియల్లో పక్కన నిలబడ్డాడో! కన్నకూతురి దగ్గర మాత్రం లేకపోయాడు. గుద్దినవాడు దొరికితే ఏం చేస్తాడో తనకే తెలియదుగానీ, ఒక్కటి మాత్రం అడగాలి.

నా పిల్ల ఒంటరిగానే పోయిందా?

ఆ ప్రశ్న అతన్ని పురుగులా తొలిచేస్తోంది.

"ఏయ్! ఏం చేస్తున్నారక్కడ?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. బొటనవేలు మాత్రం తియ్యలేదు. హ్యాండిల్ కింద గొట్టం మీద, ఇత్తడి ఆంజనేయస్వామి బిళ్ళకి జిగురు రాసి అదిమి పట్టుకున్నాడు.

"బాబూ, తెలుగువాళ్ళా?" ముసలాయన మొహం విప్పారింది. "నా పేరు కోటయ్యండి. మా అమ్మాయి దగ్గరకొచ్చా. మా రోజుల్లో సైకిళ్ళకి ముందు ఇత్తడి బిళ్ళ ఉండేది గదా. ఇదేదో కార్బన్ అంట, మేకు కొడితే పగిలిద్దంట. అందుకని గొట్టానికి తగ్గట్టు బిళ్ళ వంచి..."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదు బాబూ. నాకే మనసు ఊరుకోక..." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు నేను..."

ఆ రోజు!

రామమోహన్‌కి ఒళ్ళు భగ్గుమంది. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం ఎవరన్నా ఇలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారా? వీళ్ళింట్లోవాళ్ళదే ఆ కారు అయ్యుంటుంది. ఏ సిద్ధాంతో పరిహారం చెప్పుంటాడు. మనవాళ్ళ సంగతి తనకి తెలియనిదా! పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమిచ్చే జాతి మనది.

"ఎవరు గుద్దారు? మీ అల్లుడా? పాపం కడుక్కు రమ్మని మిమ్మల్ని పంపాడా?"

"రామ రామ! అట్టా కాదు బాబూ. నన్ను ఒక్క మాట చెప్పనీ..."

"నోరు ముయ్యండి!"

రామమోహన్ ఆయన చెయ్యి తోసేసి, గోళ్ళతో బిళ్ళ పీకేశాడు. ఆరని జిగురు వేళ్ళకి అంటుకుంది. బిళ్ళని పక్కన గడ్డిలోకి విసిరికొట్టాడు.

"నేను ఆ పిల్ల తండ్రిని. ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తాను."

పోలీసుల మాట వినగానే కోటయ్య వెనక్కి తగ్గాడు. రెండు చేతులూ జోడించి, తలవంచుకుని, మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది రామమోహన్‌కి.

ఇంట్లో చెబితే భార్య జయంతి వింతగా చూసింది.

"ఆయన్ని మాట్లాడనివ్వాల్సిందండీ. ఏం చెప్పేవాడో!"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచీ ఆ మలుపులో కారు ఆపి ఎదురుచూశాడు. వీకెండ్ గుళ్ళో వెతికాడు. కోటయ్య మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

నెల దాటాక ఒక సాయంత్రం ఎవరో బెల్ కొట్టారు. గుమ్మంలో ఓ అమ్మాయి, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"అంకుల్, నేను వసుమతిని. కోటయ్యగారి అమ్మాయిని."

"మీ నాన్నగారేరమ్మా? నేను ఆయనతో మాట్లాడాలి."

"మీరు కోప్పడ్డాక ఇక్కడ ఉండలేకపోయారు అంకుల్. ఇండియా వెళ్ళిపోయారు. మొన్న శుక్రవారం హార్ట్ ఎటాక్... టికెట్ బుక్ చేసేలోపే అయిపోయింది."

ఆ బిళ్ళ పీకేసిన వేళ్ళ వంక చూసుకున్నాడు రామమోహన్.

"ఆ బిళ్ళ పాపం కడుక్కోడానికి కాదంకుల్. బెదిరిన పిల్లలకి కడతారు కదా, అందుకని తెచ్చారు. 'పిల్ల బాగా బెదిరిపోయిందే' అని రోజూ అదే మాట."

"బెదిరిందని... ఆయనకెలా తెలుసు?"

వసుమతి తల దించుకుంది.

"ఆ రోజు నాన్న వాకింగ్‌కి వెళ్ళి అక్కడే ఉన్నారు. ఎవరో కారులో పోతూ అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేశారట. సైరన్ వినపడేసరికే అంతా అయిపోయింది. భయపడి ఇంటికొచ్చేశారు. మీకు చెప్పాలని ఎంత మొత్తుకున్నారో! మేమే వద్దన్నాం అంకుల్. వీసా మీద ఉన్నాం, పోలీస్ కేస్ అంటే భయమేసింది. తప్పంతా మాదే."

రామమోహన్ గుమ్మం దాటి ఒక అడుగు ముందుకేశాడు.

"తెలివిలో ఉందామ్మా? ఏమన్నా... ఏమన్నా అందా?"

"ఏదో చెప్పిందట. నాన్నకి ఇంగ్లీష్ రాదు కదా, ఒక్క మాటే అర్థమైందట." ఆ అమ్మాయి ఏడుపు ఆపుకోలేకపోయింది. "తను 'నాన్నా' అన్నప్పుడల్లా, కళ్ళు మూసేదాకా చెయ్యి పట్టుకుని, 'ఇక్కడే ఉన్నా తల్లీ' అని మీ బదులు పలికింది మా నాన్నే అంకుల్."