తొట్టిలో ఖాళీ చోటు

రోజూ ఉదయం ఊరివాళ్లం కలిసి కూర్చునే వేడినీళ్ల తొట్టిలోకి దిగుతూనే, రేపటి నుంచి రాకూడదనుకున్నాను. ఇంట్లో కాలు నిలవక ఇక్కడికి వస్తున్నాను. నా భార్య పోయినప్పటి నుంచి ఇక్కడా నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. స్నేహితులంతా అవతలి అంచున ఇరుక్కుని కూర్చుంటున్నారు. నా దుఃఖం అంటుకుంటుందని భయం కాబోలు.

లేవబోతుంటే ఒక యాత్రికుడు వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"మీ దీవిలో అగ్నిపర్వతం చూశాను, మంచు మైదానాలు చూశాను. మనుషులే నోరు విప్పరేం?" అన్నాడు.

"విప్పితే చలిగాలి దూరుతుంది బాబూ," అన్నాడు అవతలి అంచు నుంచి నా స్నేహితుడు తోర్‌గేర్. "ముందు అక్కణ్ణుంచి లే. వచ్చి నా ఒళ్లో కూర్చున్నా సరే."

"ఇక్కడ ఇంత ఖాళీ ఉందిగా?"

"ఖాళీ కాదు. అది స్టైన్‌వర్ చోటు."

నా భార్య పేరు విని నేను తలెత్తాను. అందరూ ఆవిరి కేసి చూస్తున్నారు.

యాత్రికుడు కంగారుగా లేచాడు. "అయ్యో, ఆవిడ ఎప్పుడొస్తారు?"

అతని భుజం పట్టి ఆపాను.

"కూర్చో బాబూ. వచ్చినవాణ్ణి లేపడం ఆవిడకి నచ్చదు. తోర్‌గేర్, రేపటి నుంచి నువ్వూ ఇటే కూర్చోరా."