కప్పులు కడిగే ఉద్యోగం

కొత్త యూనివర్సిటీ క్యాంపస్‌లో రేపు తెరవబోయే కెఫే. కప్పులు కడగడానికి కూడా ఇంటర్వ్యూలట! ఆమె వంతు వచ్చింది.

“అనుభవం ఉందా పిన్నీ?” తలెత్తకుండానే అడిగాడు మేనేజరు.

“ఇరవై రెండేళ్లు టీకొట్టు నడిపాను.”

“ఎక్కడ?”

“నీ కుర్చీ వేసిన చోటే.”

“రుజువు?”

కొట్టు కూల్చిన రోజు ఇచ్చిన నోటీసు తీసి బల్లమీద పెట్టింది. ఆమె అక్కడ బతికిందని చెప్పే కాగితం లోకంలో అదొక్కటే. అందులో ఆమె పేరు పక్కన ‘ఆక్రమణదారు’ అని ఉంది.

మేనేజరు దాన్ని వేలికొసతో వెనక్కి నెట్టాడు. “ఆక్రమణలో చేసింది అనుభవం కిందికి రాదు. రూల్సు.”

ఆమె నోటీసు మడిచి లేచింది.

“పంచదార సగం, డికాక్షన్ ఎక్కువ. ఉద్యోగం లేని నాలుగేళ్లూ నా బెంచీ మీద కూర్చుని నువ్వు తాగింది మరి దేని కిందికి వస్తుంది, బాబూ?”