ఐదో అధ్యాయం దాకా

"కట్టుకథలతో హిస్టరీ చెప్తారా మేడమ్? సిలబస్‌లోనే లేదు. ఆ పుస్తకాలన్నీ వెనక్కి ఇచ్చేయండి" అన్నాడు కోఆర్డినేటర్, నాలుగో తరగతి గుమ్మంలో నిలబడి.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఆ బడిలో వరూధిని పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఒక నవల చదివిస్తోంది. దొరల కాలంలో వచ్చిన కరువు కథ అది. అందరూ కలిసి రోజుకో అధ్యాయం చదవాలి, ఎవరూ ముందుకు పోకూడదు. నిన్న ఐదోది అయింది. అందులో గింజల మూటలు ఎత్తుకుపోవడానికి దొర మనుషులు వస్తే, ఊరి ఆడవాళ్ళు వాటి మీద కూర్చుని లేవం పొమ్మన్నారు.

"పుస్తకాలెక్కడ?" అన్నాడు కోఆర్డినేటర్ పిల్లల వైపు తిరిగి.

ఎవరూ కదల్లేదు. కిటికీ దగ్గర కూర్చున్న కళ్యాణి స్కర్టు కింద నుంచి అట్ట అంచు కనిపించింది.

కోఆర్డినేటర్ అదిరిపడ్డాడు. "పుస్తకం మీద కూర్చుంటావా? సరస్వతి కదమ్మా! లే ముందు."

"దణ్ణం పెట్టుకోనే కూసున్నాం సార్. లేసేది లేదు" అంది కళ్యాణి.

పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే పిల్లలు. ఒక్కరూ లేవలేదు.

"మేడమ్, మీరు చెప్పండి. మీ మాటయితే వింటారు."

నిజమే, వింటారు. ఆరో అధ్యాయంలో ఆ ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చుకుపోతారని పిల్లలకు ఇంకా తెలియదు. వరూధినికి తెలుసు.

ఆమె తన చేతిలోని పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చుంది.